పాత హోండా సిటీ వీటెక్ ఫోటోలు పెట్టాలంటే మొదటి ఫోటో కారు కింద నుంచి తియ్యి

అడిగిన ప్రశ్న ఇది: "మాది హన్మకొండ. మా మామయ్య దగ్గర 2002 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్ తీసుకున్నాను. ఏపీ 36 బండి, తెల్ల రంగు. జపాన్ వాళ్ల కార్లలా తయారు చేయాలని నా కోరిక. కిందికి దించి, 16 అంగుళాల అలాయ్స్ వేసి, ఫ్రీ ఫ్లో సైలెన్సర్ పెట్టడానికి ఒక షాపులో మాట్లాడాను. లక్షా ఇరవై వేలు అన్నారు. ఈలోపు వరంగల్ కోట దగ్గర తీసిన నాలుగు ఫోటోలు కార్ల గ్రూపులో పెడితే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఒకాయన మాత్రం 'కింద ఎలా ఉంది?' అని అడిగాడు. ఎగతాళా, నిజంగానే అడిగాడా? ఏ పని ముందు చేయించాలి? ఫోటోలు ఎలా తీయాలి?"

తమ్మీ, అది ఎగతాళి కాదు. నీ పోస్టుకు వచ్చిన వాటిలో పనికొచ్చే మాట అదొక్కటే. మిగతావాళ్లు చూసీ చూడనట్టు దాటేశారు, ఆయన ఒక్కడే ఆగాడు. ఇరవై ఏళ్లు దాటిన కారు పైన అద్దంలా మెరుస్తుంటే, పాత కార్లతో తిప్పలు పడ్డవాడికి ముందు వచ్చే అనుమానం కింద సంగతే.

నా సంగతి చెప్తాను. నాది కాజీపేట. నా మొదటి కారు మిత్సుబిషి లాన్సర్, 1.5 పెట్రోలు, నీ బండిలాగే ఏపీ 36. మన దగ్గర అమ్మిన ఆ లాన్సరూ, జపాన్‌లో ఎవో (లాన్సర్ ఎవల్యూషన్) 4, 5, 6 పేర్లతో వచ్చిన కార్లూ ఒకే తరం బాడీ అని తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. 1996 నుంచి 1999 దాకా టామీ మాకినెన్ అనే డ్రైవర్ వరసగా నాలుగేళ్లు ప్రపంచ ర్యాలీ టైటిల్ కొట్టాడు, అందులో చివరి మూడు ఆ ఎవోల్లోనే. వాటి తమ్ముడు మా ఇంటి ముందు నిలబడి ఉన్నాడని మురిసిపోయేవాణ్ని. తమ్ముడే, కాదనను. కాకపోతే అన్నకు 280 హార్స్‌పవర్, తమ్ముడికి 90 కూడా లేదు. అయినా డిక్కీ మీద ఎవో బ్యాడ్జి అంటించాను. ఆ బ్యాడ్జి ఇప్పటికీ నా టూల్ బాక్సులో ఉంది, పారేయడానికి మనసు రాలేదు.

తర్వాత స్ప్రింగులు కోయించాను. ఒక షాపులో గ్రైండర్ పెట్టి చుట్టున్నర కోసేసి, మధ్యాహ్నం భోజనం వేళకల్లా కారు దించి చేతికిచ్చారు. అలైన్‌మెంట్ చేయించుకోమని వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండు నెలలు అట్లాగే తిరిగాను. ఒక ఆదివారం కోటకు పోయి, తోరణం వెనకాల కనబడేలా కారు పెట్టి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, నేల మీద పడుకుని ఫోటో తీశాను. టైరు గాట్లు కెమెరా వైపు వచ్చేలా తిప్పాను. ఫోటోలు తీయడం వచ్చినవాడు ఆ పని చెయ్యడు, రింగు కనబడేలా తిప్పుతాడు. నాకు ఆ తప్పే మేలు చేసింది. లైకులు బాగానే వచ్చాయి. కరీంనగర్ పెద్దమనిషి ఒకాయన మాత్రం ఇంతే రాశాడు: "ఎడమ ముందు టైరు లోపలి అంచు ఒకసారి చేత్తో తడిమి చూడు బాబూ."

నాకు మండింది. అంత కష్టపడి ఫోటో పెడితే టైరు చూస్తాడేంటి అనుకున్నాను. అయినా రాత్రి అన్నం తిన్నాక ఫోను టార్చి వేసుకుని కిందికి పోయాను. టైరు బయటి సగం కొత్తదానిలా ఉంది, గాట్లు లోతుగా ఉన్నాయి. చెయ్యి లోపలికి పోనిస్తే రెండు వేళ్ల వెడల్పు మేర బోడిగుండులా నున్నగా తగిలింది. ఇంకొంచెం లోపలికి పోనిచ్చేసరికి వేలికి సూది గుచ్చుకున్నట్టయింది. టైరులోని స్టీలు వైరు బయటికి వచ్చేసింది. తెల్లవారితే అమ్మను ఎక్కించుకుని హైదరాబాద్ ఆసుపత్రికి పోవాలి. హైవే మీద వంద స్పీడులో ఆ టైరు పేలి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోను. ఆయన్ను నేను ఒక్కసారి కూడా కలవలేదు.

అప్పట్నుంచి గ్రూపులో ఫోటో పెట్టడమంటే నా లెక్క వేరు. మనకు కనబడనిది చూసే కళ్ల ముందు కారును నిలబెట్టడం అది. అందుకే నిన్ను కింద నుంచి మొదలుపెట్టమంటున్నాను.

ముందు నీ కారు గురించి ఒక మాట. 16 అంగుళాల రింగులు లేకపోయినా అది గొప్ప కారే. 1.5 లీటర్ల ఇంజన్, టర్బో లేదు, 106 హార్స్‌పవర్. 2003లో దాని స్థానంలో వచ్చిన కొత్త సిటీలో అదే 1.5 లీటర్లకు 77 మాత్రమే ఇచ్చారు. మైలేజీ పెరిగింది, సరదా పోయింది. పాత వీటెక్‌కు ఇప్పటికీ అభిమానులు ఉండటానికి కారణం ఆ తేడాయే. కింది ఆర్‌పీఎంలో మామూలు ఫ్యామిలీ కారులా ఉంటుంది, పైకి పోయేకొద్దీ క్యామ్ (వాల్వులను నొక్కి తెరిచే కడ్డీ) మీద ఇంకో పెద్ద లోబ్, అంటే ఉబ్బు, పనిలోకి దిగి వాల్వులను ఎక్కువ ఎత్తుకు, ఎక్కువసేపు తెరుస్తుంది. గొంతు మారుతుంది. హోండా ఈ వీటెక్‌ను కార్లలో మొదట పెట్టింది 1989లో, ఇంటెగ్రాలో. నీ కారులో ఉన్నది సింగిల్ క్యామ్ రకం, కానీ ఆ రుచి ఉంది.

ఆ రుచి నిలబడాలంటే ముందు చూడాల్సింది టైమింగ్ బెల్టు, అంటే వాల్వులూ పిస్టన్లూ లయ తప్పకుండా కలిపి తిప్పేది. ఈ ఇంజన్‌కు చైన్ కాదు, రబ్బరు బెల్టు. అది తెగితే పిస్టన్లు పోయి వాల్వులను గుద్దుతాయి, వాల్వులు వంగుతాయి, హెడ్ దించాల్సిందే. మీ మామయ్య ఎప్పుడు మార్పించారో బిల్లు ఉందా అడుగు. "మొన్ననే మార్పించినట్టు గుర్తు" అంటే మార్పించనట్టే లెక్క. బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు మూడూ ఒకేసారి వేయించు. విప్పే కూలీ ఎట్లాగూ ఒక్కటే. ఆ కవర్ విప్పినప్పుడు పాత బెల్టు పళ్ల దగ్గరి పగుళ్లు ఫోటో తియ్యి. సూర్యాస్తమయంలో తీసిన ఫోటో కన్నా దానికే ఎక్కువ మంది జవాబిస్తారు, చూస్తుండు.

రెండోది పెట్రోలు పైపులు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2002 కారులోని రబ్బరు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. పైపు మెత్తబడటం, ఉబ్బడం, జాయింట్ల దగ్గర చెమ్మ కనబడటం జరుగుతుంది. ఇంకొకటి, మామూలు పెట్రోలుకు ఒక భాగానికి గాలి 14.7 భాగాలు కావాలి. ఇథనాల్ కలిసినప్పుడు అది సుమారు 13.5కు తగ్గుతుంది, అంటే అంతే గాలికి పెట్రోలు కాస్త ఎక్కువ పోయాలి. నీది ఇంజెక్షన్ కారు కాబట్టి పొగను చూసే ఆక్సిజన్ సెన్సర్ బాగుంటే ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) సర్దుకుంటుంది. సెన్సర్ ముసలిదైతే సర్దుకోదు. సైలెన్సర్‌కు పెట్టాలనుకున్న డబ్బులో కొంత ఇటు మళ్లించు.

ఇంకా కింద చూడాల్సినవి త్వరగా చెప్తాను: లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కింద పట్టి ఉంచే చెయ్యి) బుష్‌లు, బాల్ జాయింట్ల రబ్బరు టోపీలు, ఇంజన్ మౌంట్లు, షాకప్‌ల మీద ఆయిల్ మరకలు, ఛాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టి) అడుగున దెబ్బలు. మన వైపు స్పీడ్ బ్రేకర్లు ఎవరింటి ముందు వాళ్లు పోసుకున్నవి, ఛాంబర్‌కు దెబ్బ లేని పాత సెడాన్ దొరకడం కష్టం. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వేడెక్కినప్పుడు ఆ నీరు ఆవిరై పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. టైరు మీద కోడిగుడ్డు ఆకారం గడిలో నాలుగు అంకెలు ఉంటాయి, 3119 అని ఉంటే 2019లో 31వ వారం తయారైనదని. గాట్లు ఎంత బాగున్నా ఆరేడేళ్లు దాటిన టైరు మీద స్పీడు పోవద్దు.

జాకీ ఒక్కదాని మీద కారు నిలబెట్టి కిందికి దూరకు. స్టాండ్లు పెట్టు, లేదా అలైన్‌మెంట్ షాపులో ర్యాంప్ మీద ఎక్కినప్పుడు పది నిమిషాలు అడిగి తీసుకో.

ఇప్పుడు రింగుల సంగతి. షాపువాడు 16 అంగుళాలు అన్నాడు కదా, మనం లెక్క వేద్దాం. ఉదాహరణకు 185/60 ఆర్14 టైరు తీసుకో. పక్క గోడ ఎత్తు 185లో 60 శాతం, అంటే 111 మిల్లీమీటర్లు. మొత్తం టైరు ఎత్తు సుమారు 578. అదే 195/50 ఆర్15 వేస్తే 576 వస్తుంది, దాదాపు సమానం. స్పీడోమీటర్ నిజం చెప్తుంది, గేరింగ్ మారదు. 205/45 ఆర్16 వేస్తే 591. స్పీడోమీటర్ వంద చూపితే నువ్వు పోయేది 102. అది పెద్ద విషయం కాదనుకో. పక్క గోడ మాత్రం 111 నుంచి 92కు పడిపోయింది. ఆ పోయిన 19 మిల్లీమీటర్లే గుంతలో పడ్డప్పుడు రింగును కాపాడేది. కరీంనగర్ రోడ్డు మీద గ్రానైట్ లారీల వెనక వర్షాకాలంలో ఒక్కసారి పోయి వస్తే నేను చెప్పేది అర్థమవుతుంది. నన్నడిగితే 15 చాలు. చూడ్డానికి కూడా ఆ కాలం హోండాకు 15 అంగుళాలే అందం.

కొనేముందు రింగును తిప్పి వెనక వైపు ఫోటో తియ్యి. ముందు వైపు అందరూ తీస్తారు. వెనక స్పోకుల మీద అచ్చు పోసిన అంకెలు ఉంటాయి: 15×6.5, 4×100, ఈటీ 38, సీబీ 73.1, ఇట్లా. 4×100 అంటే నాలుగు బోల్టులు, 100 మిల్లీమీటర్ల వృత్తం మీద. నీ సిటీకి కావాల్సింది అదే. ఈటీ అంటే రింగు మధ్య గీత నుంచి హబ్‌కు (చక్రం బిగించే కారు వైపు భాగానికి) ఆనే ముఖం ఎంత బయటికి ఉందో ఆ దూరం. ఈటీ తగ్గేకొద్దీ చక్రం ఫెండర్ బయటికి పొడుచుకొస్తుంది. సీబీ అంటే నడిమి రంధ్రం. నీ హోండా హబ్ 56.1, బయట దొరికే రింగులు చాలావరకు 73.1. ఆ సందులో ప్లాస్టిక్ లేదా అల్యూమినియం హబ్ రింగులు వేయాలి. అవి లేకపోతే చక్రం నడిమధ్యన కూర్చోవడానికి బోల్టులే దిక్కు. కాస్త పక్కకు కూర్చున్నా 90 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. నువ్వు నాలుగుసార్లు బ్యాలెన్సింగ్ చేయించి డబ్బులు తగలేస్తావు, తగ్గదు. నాలుగు హబ్ రింగుల ధర రెండు బిర్యానీలంత.

అదే వెనక వైపు జేడబ్ల్యూఎల్ అనే గుర్తు కూడా వెతుకు, అది జపాన్ అలాయ్ చక్రాల ప్రమాణం. గుర్తు ఉన్నంత మాత్రాన నమ్మేయకు, నకిలీల మీద కూడా పోస్తారు. రేస్ (Rays) అనే జపాన్ కంపెనీ వాళ్ల టీఈ37 అని ఆరు స్పోకుల రింగు ఉంది, 1996లో వచ్చింది. ప్రపంచంలో దానికి వచ్చినన్ని కాపీలు ఇంకే రింగుకూ వచ్చి ఉండవు. అసలుది ఫోర్జ్ చేసింది, అంటే అల్యూమినియం దిమ్మను ఒత్తిడితో నొక్కి ఆకారం తెచ్చింది. కాపీలు చాలావరకు పోత పోసినవి. కాపీ వేసుకోవడం నేరం కాదు, మనలో ఎంతమందికి అసలుది కొనే స్తోమత ఉంది! కానీ ఫోటో కింద "టీఈ37" అని రాయకు, "టీఈ37 డిజైన్" అని రాయి. నా ఎవో బ్యాడ్జికి పడ్డ తిట్లు నీకు వద్దు.

కిందికి దించడం. ఇక్కడ నా మాట కాస్త గట్టిగా ఉంటుంది. కోసిన స్ప్రింగు వద్దు. కోసిన కొస సీటులో సరిగ్గా కూర్చోదు, చక్రం గాల్లోకి లేచినప్పుడు స్ప్రింగు వదులై పక్కకు జరుగుతుంది. షాకప్ పాతదే కాబట్టి ప్రతి గుంతకు అడుగు దాకా పోయి బంప్ స్టాప్‌కు, అంటే చివరి రబ్బరు దిమ్మకు కొడుతుంది. దించాలంటే ఆ పనికే చేసిన లోయరింగ్ స్ప్రింగులు, వాటికి తగ్గ షాకప్‌లు, వేసిన వెంటనే అలైన్‌మెంట్. కారు దిగితే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, దాన్ని నెగెటివ్ క్యాంబర్ అంటారు. అందరూ టైరు తినేది క్యాంబర్ అనుకుంటారు. నిజానికి గబగబా తినేది టో, అంటే పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం. దించినప్పుడు టో కూడా మారిపోతుంది. టో సరిచేయిస్తే కాస్త క్యాంబర్ ఉన్నా టైరు బతుకుతుంది. నా లాన్సర్‌లో జరిగింది అదే, క్యాంబర్‌తో పాటు టో కూడా బయటికి పోయింది, రెండు నెలల్లో టైరు నమిలేసింది.

జపాన్ వాళ్లలా అన్నావు కదా, వాళ్ల పద్ధతి తెలుసుకో. అక్కడ షాకెన్ అని సర్కారు తనిఖీ ఉంటుంది. కొత్త కారుకు మూడేళ్లకు, తర్వాత ప్రతి రెండేళ్లకు. నేల నుంచి 9 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, శబ్దం, పొగ, లైట్లు అన్నీ చూస్తారు. పాసవ్వకపోతే కారు రోడ్డెక్కదు. మనం ఇంటర్నెట్లో చూసి నోరెళ్లబెట్టే జపాన్ వీధి కార్లలో బాగా తయారైనవి చాలావరకు ఆ 9 సెంటీమీటర్ల లోపల ఆడిన ఆటే. కంపెనీలు కూడా అంతే, 1989 నుంచి 2004 దాకా తమలో తాము ఒప్పందం చేసుకుని ఏ కారుకూ 280 మించి హార్స్‌పవర్ ప్రకటించలేదు. కాగితం మీద స్కైలైన్ జీటీఆర్ 280, సుప్రా 280, ఎవో 280. లోపల ఎంత ఉందో ఇంజన్ విప్పినవాడికి తెలుసు. నాకు జపాన్ కార్లలో నచ్చేది ఆ గుంభనమే. అరిచే కారు ఎక్కడైనా దొరుకుతుంది.

అరుపు అంటే గుర్తొచ్చింది, ఫ్రీ ఫ్లో. నీ ఇంజన్ మీద సైలెన్సర్ ఒక్కటి మారిస్తే పెరిగే పవర్ చేతికి తెలిసేంత ఉండదు, శబ్దం మాత్రం సుబేదారి సిగ్నల్ దాకా వినిపిస్తుంది. గాలి ఫిల్టర్ కూడా అంతే. బానెట్ లోపల బయటికి కనబడే కోన్ ఫిల్టర్ పెడితే ఫోటోలో బాగుంటుంది, కానీ అది పీల్చేది ఇంజన్ పక్కనున్న వేడి గాలి. గాలి పది డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది. మే నెలలో మన దగ్గర బయటే 43, 44 ఉంటుంది, బానెట్ లోపల సంగతి నువ్వే ఊహించుకో. కంపెనీ పెట్టె, కంపెనీ పైపు ఉంచి, లోపల మంచి ఫిల్టర్ వేయి. రామగుండం, గోదావరిఖని వైపు తిరిగేవాళ్లయితే బొగ్గు దుమ్ముకు దాన్ని సగం కిలోమీటర్లకే మార్చాలి. రీమ్యాప్, అంటే ఈసీయూ ప్రోగ్రామ్ మార్చడం గురించి ఎవరైనా 30 హార్స్‌పవర్ అంటే నవ్వి వచ్చేయి. అంత పెరిగేది టర్బో కార్లకు, బూస్ట్ పెంచవచ్చు కాబట్టి. నీ ఇంజన్ పీల్చే గాలి ఎంతో అంతే.

చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో ఉన్న వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించి, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. ఇంజన్ మార్పిడి, బాడీ కోయడం, రంగు మార్చడం లాంటివి ఆర్టీఏకు చెప్పకుండా చేయొద్దు. "జపాన్ నుంచి హాఫ్‌కట్ (సగానికి కోసిన కారు) వచ్చింది, ఇంజన్ వేసుకో" అని ఎవరైనా ఊరిస్తే ఆర్సీలో ఇంజన్ నంబరు గుర్తు తెచ్చుకో. అసలు స్కైలైనే తెప్పించుకుందాం అనుకునేవాళ్లకు కూడా దారి మూసే ఉంది, మామూలుగా వాడిన కారు దిగుమతి చేయాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు.

నీకు దగ్గర్లో ఉన్న పరీక్ష ఇంకోటి. 2002 బండి కాబట్టి 15 ఏళ్లకు ఒకసారి, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ లెక్కన నీకు మళ్లీ 2027లో వస్తుంది. ఆర్సీ తీసి తేదీ చూసుకో. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు 2025లో 10,000 చేశారు, గ్రీన్ ట్యాక్స్ వేరే. ఆ రోజు ఇన్‌స్పెక్టర్ ముందు కారు నిలబెట్టాలి. అందుకే పాత సైలెన్సర్, పాత స్ప్రింగులు, పాత రింగులు అటక మీద దాచు. షాపువాడు "పాతవి మేం తీసుకుంటాం అన్నా" అని రెండు వేలు తగ్గిస్తాడు, ఇవ్వకు. ఇన్సూరెన్స్ వాళ్లకు కూడా మార్పులు రాసివ్వు, చెప్పకపోతే క్లెయిమ్ రోజున అదే సాకు అవుతుంది.

ఇక ఫోటోలు. నీ నాలుగు ఫోటోల్లో తప్పు ఏంటంటే, నిలబడి ఫోనులో 1ఎక్స్ మీద దగ్గర నుంచి తీశావు. దగ్గర నుంచి తీస్తే ముక్కు ఉబ్బి, వెనక భాగం చిక్కిపోయి కారు బొమ్మలా కనబడుతుంది. పదిహేను అడుగులు వెనక్కి పో, 2ఎక్స్ లేదా 3ఎక్స్ పెట్టు, హెడ్‌లైట్ ఎత్తుకు కూర్చో. స్టీరింగ్ రింగు ముఖం నీ వైపు వచ్చేలా తిప్పు. పొద్దున ఆరున్నర లోపు, లేదా సాయంత్రం పొద్దు దిగాక పావుగంట. తెల్ల కారు మధ్యాహ్నం ఎండలో తెల్ల కాగితంలా మాడిపోతుంది, గీతలు కనబడవు. అద్దం మీద ఆకాశం మెరుస్తుంటే పోలరైజ్డ్ కళ్లజోడు ఒకటి ఫోను ముందు పెట్టి మెల్లగా తిప్పు, ఒక కోణంలో మెరుపు మాయమై లోపలి సీట్లు కనబడతాయి. బైకు మీద తిరిగే మన పిల్లల దగ్గర ఆ కళ్లజోడు ఎట్లాగూ ఉంటుంది.

కోట అందరూ తీస్తారు. అది పురావస్తు శాఖ కిందిది, కెమెరా స్టాండు పెట్టాలంటే అనుమతి కావాలి, రాళ్లకు ఆనించి కారు పెట్టడం మన మర్యాదా కాదు. నీది తెల్ల కారు కాబట్టి ఫిబ్రవరి, మార్చిలో ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజుల్లో అటు పో. ఎర్రటి మిర్చి రాశుల ముందు తెల్ల హోండా, అట్లాంటి ఫోటో టోక్యోలో ఎవడూ తీయలేడు. హమాలీల దారికి అడ్డం పెట్టకు, అడిగి తీసుకో, తుమ్ములకు సిద్ధంగా ఉండు. కోతల కాలంలో ఊళ్ల రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, ఫోటో కోసం ఆ పక్కగా దూసుకుపోయి రైతు వడ్ల మీద దుమ్ము కొట్టకు.

కదులుతున్నట్టు కనబడే ఫోటో కావాలంటే హైవే మీద పక్క కారులోంచి వేలాడొద్దు. మన ఊరి చుట్టూ వెంచర్లకు కొదవ లేదు, ఇళ్లు లేవు కానీ తారు రోడ్లు ఉన్నాయి. వాచ్‌మన్‌ను అడిగి, నువ్వు రోడ్డు పక్కన నిలబడు, స్నేహితుడిని ముప్పై నలభై స్పీడులో పోనివ్వమను. షట్టర్ 1/60 పెట్టి, కారుతో పాటు నడుము నుంచి తిరుగుతూ నొక్కు. ఇరవై తీస్తే ఒకటి కుదురుతుంది. కారు నిలకడగా, వెనక ప్రపంచం గీతలుగా వస్తుంది. స్పీడోమీటర్ 150 చూపే వీడియో మాత్రం పెట్టకు. రోడ్డు మీద పందేలు 189 సెక్షన్ కిందికి వస్తాయి, సాక్ష్యం నువ్వే తీసి నువ్వే పంచిపెట్టినట్టు.

నంబరు ప్లేటులో ఏపీ 36 వదిలేసి మిగతావి చెరిపేయి. ఆ ఏపీ 36 మన తరం గుర్తు, తర్వాత టీఎస్ 03 వచ్చింది, 2024 నుంచి టీజీ. పూర్తి నంబరు పెడితే చలాన్లు వెతికి కామెంట్లలో పెట్టే మహానుభావులు ఉన్నారు. నావి మూడు బయటపెట్టారు, అందులో ఒకటి మా బావమరిది చేసింది. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, మీ ఇంటి గేటు కనబడే ఫోటోలు కూడా వద్దు. పాత హోండా విడిభాగాలకు గిరాకీ ఉంది, దొంగలకు కూడా.

ఫోటో కింద ఏం రాయాలో అదే అసలు సరుకు. "న్యూ లుక్" అని మంట బొమ్మ పెడితే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ భాగం, పార్ట్ నంబరు, ఎంతకు దొరికింది, వేయడానికి ఎంతసేపు పట్టింది, ఎక్కడ కుదరలేదు, వెయ్యి కిలోమీటర్ల తర్వాత ఎట్లా ఉంది. అలైన్‌మెంట్ షాపువాడు ఇచ్చే కాగితం, ముందు ఎరుపు అంకెలు, తర్వాత పచ్చ అంకెలు, దాన్ని ఫోటో తీసి పెట్టు. చెడిపోయింది కూడా పెట్టు. మంచిర్యాలలోనో జగిత్యాలలోనో ఇంకో పాత వీటెక్ ఉన్న పిల్లవాడు ఆ రాత్రి నీ పోస్టు చదివి బెల్టు కొనుక్కుంటాడు.

మీట్లకు పిలుస్తారు, పో. యోకోహామా దగ్గర డైకోకు అని ఎక్స్‌ప్రెస్‌వే పార్కింగ్ ఉంది, ప్రపంచంలోని జపాన్ కార్ల పిచ్చోళ్లందరికీ అది తీర్థం లాంటిది. అక్కడ కూడా రద్దీ, గోల ఎక్కువైతే పోలీసులు వచ్చి మూసేస్తారు. మన దగ్గర ఆదివారం పొద్దున టిఫిన్ సెంటర్ ముందు నాలుగు కార్లు ఆగితేనే జనం చూస్తారు. ఇంజన్ రేజ్ చేయకుండా ఇడ్లీ తిని, బానెట్లు ఎత్తి మాట్లాడుకుని రండి. వచ్చే వారం కూడా ఓనర్ రానిస్తాడు.

లక్షా ఇరవై వేల షాపు సంగతి పక్కన పెట్టు, డబ్బులు ఎక్కడికీ పోవు. ఈ ఆదివారం ర్యాంప్ మీద ఎక్కించి ఎనిమిది ఫోటోలు తియ్యి: నాలుగు టైర్ల లోపలి అంచులు, రెండు లోయర్ ఆర్మ్‌లు, ఛాంబర్ అడుగు, పెట్రోలు పైపులు. ఆ గ్రూపులో "కింద ఎలా ఉంది?" అని అడిగిన ఆయన కామెంటు కిందే పెట్టు. ఎడమ ముందు టైరుతో మొదలుపెట్టు.